ఆదివారం పనికి రామన్నవాళ్ళు

ఆదివారం పొద్దున ఆఫీసు నుంచి మెసేజ్ వస్తే మనలో చాలామంది చూసీ చూడనట్టు ఊరుకుంటాం. మహా అయితే సోమవారం మేనేజర్ మొహం మాడ్చుకుంటాడు. నూట యాభై ఏళ్ళ కిందట ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో కొంతమంది ఇంతకంటే పెద్ద పనేమీ చెయ్యలేదు. ఆదివారం ఊళ్ళోంచి కబురొస్తే రామన్నారు. ఆ ఒక్క మాటకి వాళ్ళ నీళ్ళ రేవులు మూతపడ్డాయి. కొట్లో ఉప్పూ చింతపండూ పుట్టకుండా పోయాయి. కొందరు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

మన దేశంలో ఆదివారం సెలవు కథ చెప్పేవాళ్ళు మామూలుగా బొంబాయి మిల్లుల దగ్గర మొదలుపెడతారు. ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 1890లో మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. ఆ కథ గొప్పదే. కానీ అంతకు ఇరవై ఏళ్ళకు పైగా ముందే, యూనియన్ అన్న మాట కూడా వినని మాదిగలు వారంలో ఒక రోజు మాది అన్నారు. ఇది కార్మిక చరిత్రలో పెద్దగా కనపడదు, మత చరిత్ర ఖాతాలో పడిపోయింది కాబట్టి. మత చరిత్ర చెప్పేవాళ్ళేమో ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారన్న లెక్క దగ్గర తరచూ ఆగిపోతారు. నాకు ఆసక్తి ఆ తర్వాతి సంగతి మీద. నీళ్ళలో మునిగి లేచి ఇంటికి వెళ్ళాక, సోమవారం పొద్దున ఆ మనిషి ఏం చేశాడు?

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1865లో నెల్లూరు వచ్చాడు. మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా. క్లౌ పుట్టు భక్తుడేమీ కాదు. కాలేజీలో చేరేదాకా మతం ఊసు పెద్దగా పట్టనివాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో ప్రభుత్వ సర్వే జట్టుతో కలిసి భూములు కొలిచాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఆయన ఎదురుచూసింది పైకులాలవాళ్ళ కోసం. కొందరు వచ్చారు కూడా. కానీ మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని చెప్పేశారు. క్లౌ, ఆయన భార్య హారియట్ ఆ రోజు ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిచి, ఇద్దరూ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోట, లోకం లెక్కలోకి తీసుకోనివాళ్ళని దేవుడు ఎన్నుకుంటాడన్న భాగం దగ్గర, ఆగారని ఒక కథ ఉంది. మిషను పుస్తకాల్లో బాగా ఇష్టంగా చెప్పుకునే కథ. నాకు మాత్రం అసలు కథ అప్పటికే తల్లకొండపాడు నుంచి బయల్దేరి వచ్చేసిందనిపిస్తుంది.

తల్లకొండపాడు ఒంగోలుకి నలభై మైళ్ళ దూరంలో ఉన్న పల్లె. అక్కడి యర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ళ వ్యాపారం చేసేవాడు. రాజయోగం సాధన చేసినవాడు, తనకంటూ కొందరు శిష్యులున్నవాడు. అంటే దేవుడి గురించి ఆలోచించడం ఆయనకి ఏ దొరా నేర్పాల్సిన అవసరం లేదు. వ్యాపారం మీద ఉత్తరాన గోదావరి వైపు వెళ్ళినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. ఒంగోలుకి ఒక దొర వస్తాడని తెలిసి, 1866లో భార్య నాగమ్మని వెంటబెట్టుకుని వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగెళ్ళి తన వాళ్ళకి చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తల్లకొండపాడు వెళ్ళేసరికి 28 మంది సిద్ధంగా ఉన్నారు.

ఆ తర్వాత ఈ మాట ఎటు పాకిందో చూస్తే చుట్టరికాల వెంటే పాకింది. బావమరిది ఊరికి, కూతుర్నిచ్చిన ఊరికి, తోళ్ళు కొనడానికి వెళ్ళే ఊరికి. చెప్పులు కుడుతూ, కుట్టించుకుంటూ చెప్పుకున్న కబుర్లు అవి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఆ పాతతరం ప్రచారకుల చేత వాళ్ళ జ్ఞాపకాలు చెప్పించుకుని 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. దాని పేరుకి తెలుగు చేస్తే ‘చెప్పులు కుడుతూ’ అని వస్తుంది. మాదిగ జీవితం మీద అంత దగ్గర్నుంచి రాసిన పుస్తకం ఆ కాలంలో అరుదు. దాన్ని చదువుతున్నప్పుడల్లా ఒక బాధ ఉంటుంది. ఆ మాటలన్నీ ముందు తెలుగులో, ఒంగోలు యాసలో, వంచిన తల ఎత్తకుండా తోలు కుట్టేవాళ్ళ నోటి నుంచి వచ్చాయి. మనం వాటిని విక్టోరియా కాలపు ఇంగ్లీషులోంచి వెనక్కి ఊహించుకోవాలి.

సరే, సోమవారం పొద్దున సంగతి.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన షరతులు ముఖ్యంగా మూడు. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. అమెరికాలో ఏ బాప్టిస్టుకైనా మొదటిదీ మూడోదీ చిన్నప్పటి నుంచి విన్న మాటలే. రెండోది చెబితే ఎందుకు చెబుతున్నారో కూడా తెలియదు. ఒంగోలు తాలూకాలో మాత్రం ఈ మూడూ కలిసి మనిషి బతుకు మొత్తాన్ని పట్టుకున్నాయి.

ఊళ్ళో మాదిగ పని ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోండి. రైతు కాళ్ళకి చెప్పులు, కాడికి వార్లు, చర్నాకోల, కపిలతో నీళ్ళు తోడే తోలుసంచి, ఇవన్నీ మాదిగ ఇంటి నుంచి రావాలి. వాటికి ఎప్పటికప్పుడు డబ్బులివ్వరు. పంట కళ్ళంలోకి వచ్చాక మేర కింద ఇన్ని గింజలు కొలుస్తారు. గొడ్డు చస్తే మోసుకుపోవాల్సింది వాళ్ళే, లందలో తోలు ఊనాల్సింది వాళ్ళే, మాంసం వాళ్ళ కుండలోకే. జాతరకి డప్పు, పెళ్ళికి డప్పు, శవం ముందు డప్పు. మునసబు పిలిస్తే మూట ఎత్తుకోవాలి, చీటీ పట్టుకుని పక్క ఊరికి నడవాలి. ఇందులో ఏది వృత్తి, ఏది వెట్టి, ఏది హక్కు, ఏది అవమానం అని గీత గీసి చెప్పలేం. అన్నీ ఒకే ముడి. మేర అనేది వెట్టిని కప్పిపెట్టే హక్కు. డప్పు అనేది గౌరవంగా పిలిచి చేయించే చాకిరీ.

ఆ ముడిలో మూడు చోట్ల కత్తి పడింది. ఆదివారం రానంటే వెట్టి కాలం తెగుతుంది. పిలిచిన వేళకి రావడమే వెట్టి, రాని రోజొకటి ఉందంటే మిగతా ఆరు రోజులూ కూడా బేరంలోకి వచ్చేస్తాయి. ఈ సంగతి భక్తులకంటే ముందు ఊరి పెద్దలకే అర్థమైంది. లేకపోతే ఒక ప్రార్థనకి అంత కోపం ఎందుకు? ఊళ్ళో సన్యాసులు, బైరాగులు, యోగులు ఎంతమంది లేరు. పేరయ్య రాజయోగం చేసుకున్నన్నాళ్ళూ ఆయన ముక్కు మూసుకోవడం ఎవరికీ అడ్డం రాలేదు. ఆదివారం అడ్డం వచ్చింది. విగ్రహాలకు మొక్కనంటే జాతరలో డప్పు కొట్టనన్నట్టే. అమ్మవారి పండగ ఆగిపోతే ఊరికి వానలు రావు, గత్తర వస్తుంది. పంటకీ ప్రాణానికీ ముప్పు తెచ్చారన్న కోపం వాళ్ళ లెక్కలో న్యాయమైన కోపమే.

చచ్చిన గొడ్డు సంగతి ఇంకొంచెం చిక్కు. పైకి చూస్తే ఇది దొరల శుభ్రతా, పైకులాల మడీ చేతులు కలిపినట్టు కనపడుతుంది. ‘మీరు తినేది అసహ్యం’ అని అందరూ అంటున్న మాటనే దేవుడి పేరుతో ఇంకొకడు వచ్చి అన్నాడు అనుకోవచ్చు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. తర్వాత 1927 మహద్ సభ గురించి చదివాను. అంబేద్కర్ అక్కడ మహర్లకి చెప్పిన వాటిల్లో చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యండి అన్నది ఒకటి. ఆయనేమీ మడి నేర్పడం లేదు. ఇతరులు పారేసినదాని మీద బతకడం మానండి అంటున్నాడు. తల్లకొండపాడులో ఈ నియమాన్ని ఏ అర్థంతో తీసుకున్నారో ఒక సంగతిని బట్టి ఊహించవచ్చు. వాళ్ళు తోలు పని మానలేదు. చెప్పులు కుట్టడం మానలేదు. పని అవమానం అనుకుంటే ముందు అదే మానేవాళ్ళు. కుట్టే చెయ్యి అలాగే ఉంది, కుండలోకి వచ్చేది మారింది.

దీనికి ఊరు ఎలా బదులిచ్చిందో మొదట్లోనే చెప్పాను. కూలికి పిలవకపోవడం, నీళ్ళు ముట్టనివ్వకపోవడం, సరుకులు అమ్మకపోవడం, దొంగ కేసులు. కొందరు తట్టుకోలేక వెనక్కి వెళ్ళారు. క్లౌ గుర్రమెక్కి ఊరూరూ తిరిగి పెద్దలతో మాట్లాడేవాడు, అధికారుల దగ్గరికి వెళ్ళేవాడు. దొర వెనక ఉన్నాడన్న ధైర్యం పని చేసిందనే చెప్పాలి. దాన్ని దాచిపెట్టి అంతా విశ్వాసమే అంటే అబద్ధం. కానీ దొర ఒంగోలులో ఉంటాడు. రాత్రి ఊళ్ళో పడుకోవాల్సింది వీళ్ళు.

ఇంతలో 1876 వచ్చింది. ధాత నామ సంవత్సరం. ఆ పేరు మన తాతల తాతల నోట్లో కరువుకి మారుపేరుగా మిగిలిపోయింది. మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలన్నీ కలిపి యాభై లక్షలకు తక్కువ కాకుండా చనిపోయారని అంచనాలు. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. కలకత్తా నుంచి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877 మొదట్లో కూలి తగ్గించి, రోజుకి పౌను గింజలూ చేతికి చిల్లరా చాలని తేల్చాడు. బరువు పని చేసే మనిషికి పౌను గింజలు! శానిటరీ కమిషనర్ కార్నిష్ దాని మీద గట్టిగా కొట్లాడాడు, కొన్ని నెలలకి కూలి మళ్ళీ పెరిగింది. ఈలోపు పోయినవాళ్ళు పోయారు.

ఆ కరువు పనుల్లో పెద్దది బకింగ్‌హామ్ కాలువ. పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సముద్రం పక్కనే సాగే ఉప్పునీటి కాలువ. పేరేమో అప్పటి మద్రాసు గవర్నరుది, డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. ఒంగోలు దగ్గర ఆ పనిలోకి మాదిగలు వెళ్ళారు. అక్కడ కూడా ఊరే ఎదురొచ్చింది. మేస్త్రీలు పైకులాలవాళ్ళు. తిట్లు, దెబ్బలు, కూలిలో కోత.

క్లౌ అప్పుడు చేసిన పని ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని. కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు ముక్క తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చుకున్న సర్వే విద్య ఇరవై ఏళ్ళ తర్వాత ఇక్కడ అక్కరకొచ్చింది. తన ప్రచారకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. నిన్నటి దాకా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మాదిగలు ఇప్పుడు పార ఎక్కడ వెయ్యాలో, గంప ఎవరు మొయ్యాలో చెబుతున్నారు, సాయంత్రం కూలి చేతికి అందేలా చూస్తున్నారు. పని ఆపి కూర్చున్నప్పుడు అడిగినవాళ్ళతో దేవుడి గురించి మాట్లాడేవారు. వేలమంది ఆ గట్టు మీద పని చేశారు. కలరా అక్కడికీ వచ్చింది, చావులు అక్కడా ఉన్నాయి. కానీ తమ మనిషే మేస్త్రీగా ఉన్న పనిలో మాదిగలు దిగడం ఆ తాలూకాలో అప్పటిదాకా ఎవరూ చూసి ఉండరు. ప్రసంగం వినని మనిషికి కూడా అది కనపడుతుంది.

జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ చదివినవాళ్ళకి ఈ కాలువ కొత్త కాదు. ఎన్నెల దిన్ని నుంచి కరువుకి తరిమేస్తే శివయ్య చేరేది ఇక్కడికే. ఆ నవలలో కాలువ భాగం చదివి, తర్వాత క్లౌ ఆత్మకథలాంటి పుస్తకం చదివితే ఒకే గట్టుని రెండు వైపుల నుంచి చూసినట్టుంటుంది. దొర కాంట్రాక్టు ఎలా వచ్చిందో రాస్తాడు. నవల ఆకలి ఎలా ఉంటుందో రాస్తుంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న. అన్నం కోసం మతం మారారా? ఈ అనుమానం బయటివాళ్ళకే కాదు, క్లౌకీ ఉంది. అందుకే కరువు నడిచినంత కాలం, దాదాపు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశాడు. జనం అడుగుతున్నా ఇవ్వలేదు. 1878 జూన్‌లో, సహాయం పంచడం అయిపోయాక, ఇంక ఇచ్చేదేమీ లేదని చెప్పి మరీ వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మొదలుపెట్టాడు. జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది. ప్రచారకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ముంచారు, క్లౌ గట్టున ఉన్నాడు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606.

ఆ అంకెలు అప్పట్లో అమెరికా దాకా మోగాయి. వాటికంటే ఆ పదిహేను నెలల గురించి నేను ఎక్కువ ఆలోచిస్తాను. క్లౌ చేసింది నిజాయితీగానే చేశాడు. అయినా ఎక్కడో గుచ్చుకుంటుంది. వ్యాపారం బాగుండాలని తిరుపతి మొక్కుకున్న షావుకారుని, నీ భక్తి నిజమా, లాభం కోసమా అని ఏడాదిపాటు ఎవరూ బయట నిలబెట్టరు. ఆకలితో ఉన్నవాడి భక్తికే హామీ కావాలి. పైగా 1867లో నీళ్ళూ కొట్టూ మేరా పోగొట్టుకుని కూడా ఆదివారాన్ని వదలనివాళ్ళు ఏ అన్నం కోసం నిలబడ్డారట? వాళ్ళకి ఉన్న అన్నమే పోయింది. కాలువ గట్టు మీద కూలి ఇచ్చిన మేస్త్రీనీ, మధ్యాహ్నం ప్రార్థన చేసిన మనిషినీ వాళ్ళు వేరువేరుగా చూడలేదంటే, అందులో తప్పు పట్టాల్సింది ఏముందో నాకు తెలియడం లేదు.

పోగొట్టుకున్నవి మాత్రం ఉన్నాయి. మాతంగి గురించి ఎమ్మా పుస్తకంలో ఉంది. అమ్మవారి పండగలో మాదిగ స్త్రీకి పూనకం వచ్చి, ఊరి పెద్దల మీద ఉమ్మేసి బూతులు తిడితే వాళ్ళు తలవంచుకుని దీవెనగా తీసుకునే ఆచారం. ఏడాదికి ఒక్క రోజు దొరికే పెత్తనం. డప్పుతో పాటు అదీ పోయింది. డప్పులో ఉన్న దరువులు, తరాల విద్య, దాన్ని దయ్యాల వాయిద్యం అనుకునే పిల్లలు పుట్టుకొచ్చారు. మూడో షరతుకి ఇది చెల్లించిన ధర. మిషను లెక్కల పుస్తకాల్లో దీనికి గడి లేదు.

1994 జూలైలో ఒంగోలుకి దగ్గర్లోనే ఈదుముడి అనే పల్లెలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. పేర్ల చివర మాదిగ అని గర్వంగా పెట్టుకోవడం, డప్పు మెడలో వేసుకుని ఊరేగడం అక్కడి నుంచే మొదలై రాష్ట్రమంతా పాకింది. దండోరా అన్న పేరే డప్పుది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్న తీర్పు దాకా ఆ మోత ఆగలేదు. ముత్తాతలు దేవుడి కోసం దించిన డప్పుని మునిమనవళ్ళు అదే ప్రాంతంలో హక్కు కోసం ఎత్తుకున్నారు. ఇద్దరూ ఒకే మనిషికి ఎదురు తిరిగారు, పిలిస్తే వచ్చి కొడతారులే అనుకున్నవాడికి.

ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో చేర్చారు, క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళని బీసీ-సీ అంటారు, రిజర్వేషన్ ఒక శాతం. అందుకని ఆదివారం ఒక పేరు, సోమవారం తహసీల్దారు ఆఫీసులో ఇంకో పేరు ఉన్న ఇళ్ళు కోస్తా పల్లెల్లో బోలెడు. వాళ్ళని అబద్ధాలకోరులనడం తేలిక. నూట యాభై ఏళ్ళ కిందట నీళ్ళ రేవు మూశారు, ఇప్పుడు సర్టిఫికెట్ దగ్గర అడుగుతారు.

రెండేళ్ళ కిందట క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఒక స్నేహితుడి వెంట వాళ్ళ ఊరి చర్చికి వెళ్ళాను. లోపల కీబోర్డు సరిచేస్తున్నారు, మైకు కీచుమంటోంది. బయట గోడ వారగా నలుగురు కుర్రాళ్ళు వరిగడ్డి మంట వేసి డప్పులు కాస్తున్నారు. పాస్టర్‌గారు ఏమీ అనరా అని అడిగాను. “ఆయన డప్పు కూడా ఇక్కడే ఉందన్నా” అని ఒకడు తన పక్కనున్న దాన్ని చూపించి, ఒక దెబ్బ వేసి చూసి, ఇంకా కాగలేదని మళ్ళీ మంట మీద పెట్టాడు.